మూడు దెబ్బల మెసేజ్

మాణిక్యం గొంతు పోయినంకనే ఆ ఇంట్లో లొల్లి ఎక్కువైందని పక్క తోట కృష్ణమ్మ అన్నదట. ఆ మాటను విమలమ్మ మొయినాబాద్ నుంచి చేవెళ్లకు మోసుకొచ్చి, పురుగుమందుల దుకాణం మీది గదిలో కూర్చున్న భిక్షం ముందు పెట్టింది.

“గొంతు పోతే లొల్లి ఎట్ల ఎక్కువైతదమ్మా?” అన్నాడు భిక్షం.

“కొడుకు ట్యాబు కొనిచ్చిండు గదన్నా. రాస్తే అదే మాట్లాడుతదట. పొద్దుందాక ఒర్రుడే ఒర్రుడట. పెండ్లాం మీద, కౌసల్యా ఛాయ్, కౌసల్యా మొద్దుదానా అనుకుంట. కృష్ణమ్మ పాలకూర మడికాడికి ఇనపడేదట. ఇంకోటి గూడ అన్నది. కౌసల్యమ్మకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా రెండేండ్ల సంది కలుస్తలేదట. పెద్ద తోటోళ్లు, నా అసొంటిదాని ఫోన్ ఎందుకెత్తుతరు అన్నది.”

భిక్షం కాగితం మీద ఆ రెండో ముక్క ఒక్కటే రాసుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఖాకీ తొడిగి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయి, ఇప్పుడు పెళ్లి సంబంధాల కూపీలూ భూముల కూపీలూ లాగి బతుకుతున్న మనిషి. ఊళ్లో ఎవరు ఏమన్నా పారేయడు. ఎండబెట్టి దాచుకుంటాడు.

“సాయంత్రం నాలుగింటికి నా బిడ్డను మేజిస్ట్రేటు ముందు పెడ్తరట,” అంది విమలమ్మ. ఏడవడానికి కూడా తీరిక లేనట్టు గబగబా మాట్లాడుతోంది. “మనుషులను సూసుకునే పని దానిది. ఒక్కనాడు జైలుకు పోయొస్తే ఇంక ఎవలు ఇంట్లకు రానిస్తరన్నా? దేవుని మీద ఒట్టు, ఆ ముసలాయన గొంతులున్న గొట్టం కడగకుండ అది ముద్ద ముట్టేది కాదు.”

గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. భిక్షం చెప్పులేసుకున్నాడు.

*

మాణిక్యం తోట ముందర పోలీసు జీపు ఆగి ఉంది. ముద్దాయి, విమలమ్మ బిడ్డ ఆశాతో సీను చూపించుకోవడానికి ఎస్సై అరుణశ్రీ వచ్చింది. భిక్షం గేటు దాటి నాలుగడుగులు వేయగానే ఆమె ఎదురొచ్చింది. ఆమె కొత్తగా ఎస్సై అయినప్పుడు రాసిన మొదటి పంచనామాలో తారీఖు తప్పని పదిమందిలో చదివి వినిపించినవాడు భిక్షమే. ఆమె మరచిపోలేదు. ఆయన మరచిపోనివ్వలేదు.

“హెడ్డుగారూ, పింఛను సరిపోతలేదా? శవాల ఇండ్లకాడ తిరుగుతున్నరు.”

“ముద్దాయి వకీలు కాగితమిచ్చిండు మేడం. సూసి రమ్మన్నడు.”

కాగితం చదివి, మడిచి, ఆయన జేబులో తనే కుక్కింది. “పది నిమిషాలు. ఏదన్న ముట్టుకున్నరో, ఆశా పక్కనే మిమ్మల్ని కూసోబెడ్త.”

“కూసుంట. కేసు మీ నోటితోటి ఒక్కసారి చెప్పుండ్రి.”

అరుణశ్రీ వేళ్లు మడుస్తూ చెప్పింది. మాణిక్యానికి డెబ్బై ఒకటి. క్యాన్సర్‌తో గొంతు పెట్టె తీసేశారు, మెడకున్న రంధ్రంలోని గొట్టంతోనే ఊపిరి. పక్షవాతం వచ్చి ఎడమ చేయి లేవదు. ఆ గొట్టంలో తెమడ గడ్డకడితే ఇంకొకరు వచ్చి తీసి కడగాలి, ఒంటి చేత్తో ఆయన వల్ల కాదు. మంగళవారం మధ్యాహ్నం ఆశా చేవెళ్లకు పోయింది. ఒకటీ నలభైకి కరెంటు తీశారు, లైను పని ఉందని పొద్దున్నే అందరికీ చెప్పారు. కరెంటు పోతే ఇంట్లో వైఫై ఉండదు, ట్యాబులో సిమ్ము ఒక్కటే దిక్కు. ఆ సిమ్ము పని చేయలేదు. రెండూ ఐదు నుంచి రెండూ ముప్పై ఒకటి దాకా ఆశాకు ఆయన తొమ్మిది మెసేజులు పెట్టాడు. తొమ్మిదీ గడియారం గుర్తుతో అక్కడే ఆగిపోయాయి. బయట గడియ పెట్టి ఉంది. మూడూ ఇరవైకి ఆశానే తలుపు తీసి కేక వేసింది.

“పని చేసే అసలు సిమ్ము ఏడ దొరికిందో తెలుసా? ఆశా బైబిలు జిప్పు కవర్ల. వంటింటి మేకుకు తగిలిచ్చి పోయిన సంచిల. ముసలాయన నంబరుకు ఓటీపీలొస్తయి, పట్టుకుందామనుకున్నది. ఏదో పాత సిమ్ము ట్యాబుల దోపి, ఇది తీసి దాచుకున్నది. కరెంటు పోతదని, మనిషి పోతడని అనుకోలే. మధ్యల దేవుని పుస్తకమొకటి.”

“ఆ పాత సిమ్ము ఎవలిది?”

“ట్యాబు ల్యాబుకు పోతది. వాళ్లు తేలుస్తరు.”

“అంటే తియ్యలే.”

అరుణశ్రీ ముందు నడిచింది.

*

మాణిక్యం గది మంగళవారం నుంచి సీలులో ఉంది. ఎస్సై తెరిపించింది. చేతులు వీపు వెనక కట్టుకుని భిక్షం లోపలికి పోయాడు. ఇనుప పైపుల మంచం, తెల్ల రంగు. తలాపున కుడి పక్క పైపు మీద జానెడు మేర రంగు లేచిపోయి, చిన్న చిన్న సొట్టలతో ఇనుము కనిపిస్తోంది. కింద బండ మీద తెల్లటి పెచ్చులు అట్లానే రాలి ఉన్నాయి.

“కుడి చేతికి ఉంగరం ఉండెనా?”

“ఉండె. ఇత్తడిది, లావుది,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కొడుకు వంశీ. మొన్నటి నుంచి అదే చొక్కా, ఎవరినీ నేరుగా చూడడం లేదు. “ఏమైంది దానికి?”

భిక్షం మంచం దగ్గర నుంచి గుమ్మం దాటి అడుగులు లెక్కపెడుతూ పోయాడు. తొమ్మిదో అడుగుకు వరండాలో కౌసల్యమ్మ కాళ్ల దగ్గర ఆగాడు.

ఆమె గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. మెడలో పుస్తెలతాడు ఇంకా తీయలేదు, పదో రోజు కావాలి. ముందర చాటలో చిక్కుడుకాయలు. కాయ విరిచి, ఈనె లాగి, పక్కన వేస్తోంది. మనిషి చచ్చిన ఇంట్లో అది చూడడానికి బాగాలేదని చుట్టాలెవరో అంటే, ఊరికే కూర్చుంటే చేతులు గుంజుతున్నాయని చెప్పిందట.

“అమ్మా, ఆ టైముకు మీరేడున్నరు?”

“పూల షెడ్డుకాడ. పోలీసమ్మకు సెప్పిన.”

“కూలోళ్లు?”

“ఒంటిగంటకే తినపోయిండ్రు.”

“ఏమన్న ఇనపడ్డదా?”

“గొంతు లేని మనిషాయె. ఏం ఇనపడతది?”

“ట్యాబు?”

“దాని మొకం గూడ నాకు తెల్వదు. దాన్ని నేనెన్నడు ముట్టలే. దానికి ఎటు తల, ఎటు తోక!” కౌసల్యమ్మ మరో కాయ విరిచింది. “ఆశానే సూసుకునేది. ఆశానే సేసింది.”

వరండా చివర, ఆడ కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ ఆశా తల ఎత్తింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. రెండు రాత్రుల నిద్ర లేక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“అవ్వా, సెలైన్ నీళ్లు అయిపోయినయి, చేవెళ్ల పోయి తే అని నువ్వే గద తోలినవ్? నేనున్న, సూసుకుంట అన్నవ్ గద?”

“అన్ననా?” అంది కౌసల్యమ్మ, కాయల్లోంచి చూపు తీయకుండా. “నాకు యాదికి లేదు.”

“ఐదు నిమిషాలైపోయినయి హెడ్డుగారూ,” అంది అరుణశ్రీ.

భిక్షం ఆశా ముందుకు పోయి నిలబడ్డాడు. గొంతులో జాలి లేదు. ఠాణాలో దొంగలను అడిగినట్టే అడిగాడు. “తొమ్మిది మెసేజులు పెట్టిండట నీకు. ఏం రాసిండు?”

“రాయలే సారూ. వాయిస్ మెసేజులు.”

“మాట రాని మనిషి వాయిస్ మెసేజులు ఎందుకు పెడ్తడు? నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?”

ఆశా ఒకడుగు ముందుకొచ్చింది. “నిన్నటి సంది అదే సెప్తున్న, ఎవ్వలు ఇంటలేరు. ఆయనకు రాసుడు కష్టం, ఒక్క చెయ్యి. అందుకే మంచానికి ఉంగరం కొట్టి పంపుతుండె. ఒక దెబ్బ నీళ్లు. రెండు దెబ్బలు ఒంటికి పోవాలె. మూడు దెబ్బలు గొట్టం. మూడు దెబ్బలొస్తే నేను తినేకాడ తినేది ఇడిసిపెట్టి ఉరుకుతుంటి.”

“మేడం, ఆ తొమ్మిదిట్ల దెబ్బలు ఇనపడ్డయా?”

“ఏం లేదు వాటిల. ఖాళీ,” అంది అరుణశ్రీ. “మూగాయన గదా అని...”

“మూగాయన గదా అని మీరు ఖాళీ అనుకున్నరు. ఈ పిల్ల ఫోన్ మీకాడనే ఉన్నది. ఆయన పంపినయిట్ల ఆఖరుకు అందింది ఒకసారి పెట్టుండ్రి.”

అరుణశ్రీ కవరు విప్పి ఆశా ఫోన్ తీసింది. మంగళవారం, ఒకటీ ఇరవై ఎనిమిది. నొక్కింది.

ఠక్. ఠక్.

వరండాలో అందరికీ వినపడింది. వంశీ తలుపు చెక్కను గట్టిగా పట్టుకున్నాడు. కింద ఆశా జవాబు: ‘బస్సుల ఉన్న తాతా, అవ్వను పిలువు’.

“ఇప్పుడు ట్యాబుల ఆగిపోయినవి.”

ఎస్సై ట్యాబు తీసి మొదటిది నొక్కింది. ఆరు సెకన్లు. ఏమీ లేదు. రెండోది. ఏమీ లేదు. తొమ్మిదోది ఒక్క నిమిషం పైనే ఉంది. ఆ నిమిషం పొడుగునా కాయ విరుగుతున్న చప్పుడు తప్ప వరండాలో ఇంకేదీ లేదు.

“లోపల పైపుకు సొట్టలు పడేటట్టు కొట్టిండు,” అన్నాడు భిక్షం. “కొట్టింది ట్యాబు ఎందుకు ఇనలే మేడం?”

అరుణశ్రీ ఆయన కన్నా చురుకైనదే. తనే ఒక రికార్డింగు పెట్టి “ఒకటి, రెండు, మూడు” అని, తిరిగి వేసి చూసింది. మౌనం. ట్యాబును అంచు తిప్పి వెలుగులోకి పట్టింది. అక్కడ సూది మొన దూరేంత రంధ్రాలు రెండు, వేలెడు దూరంలో. ఒకటి సిమ్ము పెట్టే అర బయటికి వచ్చేందుకు. రెండోది మైకు. మైకు రంధ్రం చుట్టూ కొత్త గీతలు, లోపల ఏదో చిరిగినట్టు వంకర.

“సిమ్ము తియ్యబోయి ముందు ఇందుల పొడిసిండ్రు,” అంది మెల్లగా.

“ఒకటీ ఇరవై ఎనిమిదికి మైకు మంచిగున్నది. రెండూ ఐదుకు సచ్చింది. సిమ్ము మారింది ఆ నడుమనే. ఈ పిల్ల ఎప్పుడు బస్సెక్కింది?”

ఆశా దగ్గర దొరికిన, ఆడవాళ్ల ఉచిత బస్సు జీరో టికెట్టు పోలీసు ఫైలులోనే ఉంది. దాని మీది టైము అరుణశ్రీకి చూడకుండానే గుర్తుంది. ఒకటీ పన్నెండు.

“అట్లయితే ఈ ఆశా మనిషెవడో వచ్చి మార్చిండు,” అంది.

“కావొచ్చు. లోపలున్న సిమ్ము ఎవలిదో సూడుండ్రి, తేలిపోతది. ఇద్దరు పంచుల ముందు తీసి, అందుల ఏమున్నదో రాసుకుంటె కోర్టుల మీకే బలం. లేకపోతే మళ్ల పంచనామా తప్పంటరు.”

ఆఖరి మాట కావాలనే అన్నాడు. అరుణశ్రీ ఆయన వైపు కాల్చేసేటట్టు చూసి, గ్లవుసులు తొడుక్కుని, ఇంకో జత ఆయన మీదికి విసిరింది. కానిస్టేబులు గేటు దగ్గరి నుంచి సాక్షులుగా ఇద్దరు పంచులను పిలుచుకొచ్చాడు.

“తియ్యుండ్రి సూద్దాం. మీ చెయ్యి వణికితే మీదే కేసు. పిన్నేది?”

ఎవరి దగ్గరా పిన్ను లేదు. కానిస్టేబులు జేబులు తడుముకున్నాడు, వంశీ లోపలికి పోబోయాడు. భిక్షం వరండా అంతా ఒకసారి కలయజూసి, “పిన్నీసు ఉన్నదా ఎవలకాడన్న?” అని పెద్దగా అడిగాడు.

కౌసల్యమ్మ చేతులు తుడుచుకుంది. పుస్తెలతాడుకు వేలాడుతున్న మూడు పిన్నీసుల్లో ఒకటి తీసి ఇచ్చింది. అడిగితే ఆడవాళ్లు ఎవరైనా ఇచ్చేదే. భిక్షం దాన్ని ఎండకు పట్టాడు. మొన కొంచెం వంగి ఉంది.

ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ట్యాబును మోకాలి మీద పెట్టుకుని, పిన్నీసు మొనను నిదానంగా, అందరికీ కనపడేటట్టు, ఒక రంధ్రం మీదికి తెచ్చాడు. ఆ మొన మైకు రంధ్రం మీద ఆగింది.

“అది కాదు,” అంది కౌసల్యమ్మ. “పక్కది.”

చెప్పి కాయ అందుకుంది. విరవలేదు. కాయ చేతిలోనే ఉండిపోయింది.

భిక్షం పిన్నీసును పక్క రంధ్రానికి మార్చి నొక్కాడు. అర బయటికి వచ్చింది. అందులో గోరంత సిమ్ము, అంచులు చేత్తో కత్తిరించినట్టు వంకరగా. ఆయన దాన్ని పంచులిద్దరికీ చూపించి మళ్లీ లోపలికి తోసి, ట్యాబును ఎస్సై చేతికిచ్చాడు.

“దీంట్ల సిగ్నలు రాదు మేడం. పాత డబ్బా ఫోన్లల్ల పేర్లు సిమ్ముల్నే దాచుకుందురు. అవి సావవు. సూడుండ్రి.”

అరుణశ్రీ వెతికింది. నాలుగే పేర్లు, ఇంగ్లీషు అక్షరాల్లో. పైకి చదివింది. “కృష్ణ అక్క. షాబాద్ పిన్ని. గ్యాస్. తమ్ముడు.”

“బయటి నుంచి వచ్చిన మొగోనికి ఈ పక్క తోట కృష్ణమ్మ అక్క ఎట్లయితది?” అన్నాడు భిక్షం. “రెండేండ్ల సంది కౌసల్యమ్మకు ఫోన్ కలుస్తలేదని ఆమెనే అంటున్నది.”

“అవ్వకు మతి సక్కగ లేదు మేడం,” వంశీ గబగబా ముందుకొచ్చాడు. “అవ్వా, నువ్వేం మాట్లాడకు. ఊకో.”

“ఊకున్న బిడ్డా,” అంది కౌసల్యమ్మ. “నలభై ఐదేండ్లు ఊకున్న.”

చాటను పక్కకు జరిపింది.

“ఆ సిమ్ము నాదే. నీకు మాట్లాడనీకి ఎవలున్నరే అని రీచార్జి బందు పెట్టిండు మీ నాయిన. బియ్యం డబ్బల దాసుకున్న. మా తమ్ముడు పోయిండు గద పోయిన నెల. ఆ కబురు మీ నాయిన ట్యాబుకు వచ్చింది. మూడోనాడు అన్నం తినుకుంట నొక్కిండు. అది సెప్పింది. ‘నీ తమ్ముడు మొన్న సచ్చిపోయిండు, పప్పుల ఉప్పు లేదు.’ రెండు మాటలు ఒక్క తీరుగనే సెప్పింది. మట్టిల పెట్టి గూడ అయిపోయింది అప్పటికి.”

వంశీ ట్యాబు వైపు చూశాడు. ఆ యంత్రానికి గొంతు పెట్టించి తెచ్చింది తనే.

“మంగళవారం పొద్దుగాల కరెంటు పోతదని గూడ అదే సెప్పింది. ఆయన కన్ను మలిగినప్పుడు ఆయనది తీసి, దాంట్ల నాది పెట్టిన. ఆశా పెట్టంగ సూసిన గని, మొదాలు ఏ బొక్కనో తెల్వలే. ఉత్తగ ఉంటె సిమ్ము లేదని ఒర్రుతది. అందుకే నాది పెట్టిన.”

“గడియ?” అడిగింది అరుణశ్రీ.

“నేనే పెట్టిన.”

“మరి ఆయన సిమ్ము ఈ పిల్ల బైబిలుల ఎందుకు పెట్టినవ్?”

“ఎవలనో ఒకలను పట్టుకపోతరు గద. దాని దిక్కు ఎవలు మాట్లాడుతరని.”

అరుణశ్రీ ఒక్కసారి ఆశా ఉబ్బిన కళ్ల వైపు చూసి చూపు తిప్పుకుంది. నాలుగింటికి తయారుచేసిన రిమాండు కాగితాలు జీపులో ఉన్నాయి. భిక్షానికి ఆమెను ఏదైనా అనాలనిపించింది. అన్నేళ్లుగా ఎదురుచూసిన సందర్భం. నోట్లోకి వచ్చిన మాట రుచి లేక మింగేశాడు. వరండా నుంచి మంచానికి తొమ్మిదడుగులు. పూల షెడ్డు ఇక్కడికి కనపడను కూడా కనపడదు.

ఆశా కానిస్టేబుల్ చేయి విడిపించుకుని వచ్చింది. ఎవరూ ఆపలేదు. కౌసల్యమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“మూడు దెబ్బలే గద అవ్వా కొట్టింది? మూడు మూడు?”

“అవ్.”

“ఎంతసేపు కొట్టిండు?”

కౌసల్యమ్మ చాట వైపు చూసింది, కొలత చూసినట్టు.

“ఆనాడు గూడ చిక్కుడుకాయనే. గంపెడు ఒలిసేదాంక కొట్టిండు.”